రోల్డుగోల్డు లారీ

“వీడు మావాడి నోటికాడ కూడు లాక్కోవడానికే వచ్చాడు దేవమ్మా, చూస్తూ ఉండు.”

అప్పటికింకా ఏమీ జరగలేదు. జరక్కముందే భయపడటం ప్రసన్నలక్ష్మికి అలవాటు.

చిలకలపూడిలో తన ఇంటి అరుగు మీద కూర్చుని గిల్టు గాజులకు రాళ్లు అతికిస్తోంది. చేతులు గాజు మీద, కళ్లు ఎదురుగా ఉన్న లారీ స్టాండు మీద.

వరస చివర, అందరికీ ఎడంగా ఒక తెల్లబండి. ముందు సగం కారు, వెనక సగం లారీ.

ఐదుగురు పట్టే ఆ బండిలో యాభై అయిదేళ్ల మనిషి ఒక్కడే కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నాడు.

“నీకు ఈగ వాలినా భయమే అక్కా” అని నవ్వింది పక్కింటి దేవమ్మ.

ఆయన పేరు సాంబశివరావు. వారం కింద వచ్చాడు. ఒక్క కిరాయి కూడా అడగలేదు. వచ్చి చివర నిలబడ్డాడు, అంతే.

స్టాండు పెద్ద బసవపున్నయ్య మొదటిరోజే తేల్చేద్దామనుకున్నాడు.

“ఏవండీ, మీది కారా, లారీనా?”

“ఏదో ఒకటి అనుకోండి.”

“అట్టా కుదరదండీ. లారీ అయితే సీరియల్లో పెడతాం, వంతు ప్రకారం కిరాయి వస్తుంది. కారైతే అదిగో, కార్ల స్టాండు.”

“వెనక తొట్టి చూసి వాళ్లు ఇటు పొమ్మన్నారండీ.”

అందరూ గొల్లుమన్నారు.

“పది టన్నులు ఎత్తితే లారీ. ఏసీ వేసుకుని పాటలు వినేదీ లారీయేనా?” అన్నాడు బసవపున్నయ్య.

“మనూరి బంగారంలాగే మావయ్యా! రోల్డుగోల్డు లారీ” అన్నాడు ప్రసన్నలక్ష్మి కొడుకు కళ్యాణ్.

ఆ పేరే ఉండిపోయింది.

సాంబశివరావు కూడా నవ్వాడు. “లారీ కాదనే కొన్నాను బాబూ.”

కళ్యాణ్‌ది చిన్న ట్రాలీ. రోజూ తెల్లవారగానే సరుగుడు కర్రలు వేసుకుని గుడివాడ డిపోకి వెళ్తాడు. కర్రలు ట్రాలీ దాటి రెండు బారలు బయటికి ఉంటాయి. చివర ఒక ఎర్రగుడ్డ కడతాడు.

“కర్రలు నీ వెనక లైట్లను కప్పేస్తున్నాయి బాబూ. మంచులో గుడ్డ కనపడదు” అన్నాడొకరోజు సాంబశివరావు.

“మీ కారులోంచి కనపడదేమోనండీ, లారీవాళ్లకి కనపడుద్ది.”

మర్నాటి నుంచి ఆ తెల్లబండి కళ్యాణ్ వెనకే బయల్దేరడం మొదలుపెట్టింది.

“నేనెంత మెల్లగా వెళ్తే అంత మెల్లగా వస్తాడమ్మా. దాటడు. లైట్లు టకటకా ఆర్పుతూ వెలిగిస్తూ గుడివాడ దాకా వస్తాడు. కర్రలు దిగగానే పలకరింపైనా లేకుండా వెనక్కి వెళ్లిపోతాడు.”

ప్రసన్నలక్ష్మి చేతిలో గాజు పక్కన పెట్టేసింది. డిపో ఆనవాలు పట్టడానికి కాకపోతే ఎందుకొస్తాడు? తండ్రి లేని పిల్లాడు. ఆ ఒక్క కిరాయే ఇంటికి ఆధారం.

బసవపున్నయ్య దగ్గరికి పరుగెత్తింది.

“అన్నయ్యా, ఆ మనిషి మా పొట్ట కొట్టేదాకా నిద్రపోడు. ఏదో ఒకటి చెయ్యి.”

బసవపున్నయ్య వెళ్లి తెల్లబండి బానెట్ మీద అరచేత్తో చరిచాడు. “రేపట్నుంచి ఇక్కడ కనపడకండి.”

సాంబశివరావు సరేనన్నాడు. బండి తిప్పుకుంటూ అరుగు ముందు ఒక్క క్షణం ఆపాడు.

“మంచు విడిచాక పంపమ్మా మీవాణ్ణి.”

శపించి పోతున్నాడనుకుంది ప్రసన్నలక్ష్మి. ఆ సాయంత్రం కొడుక్కి ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

మూడోరోజు తెల్లారేసరికి మంచు. ఎదురుగా ఉన్న స్టాండు కూడా కనపడలేదు.

ఆరింటి నుంచి కళ్యాణ్ ఫోను ఎత్తలేదు. కాలవలో పడ్డాడని ఒకసారి, బస్సు కింద పడ్డాడని ఒకసారి ఆమె మనసు కొడుకుని చంపి బతికించింది.

తొమ్మిదింటికి ఎవరి బైకు మీదో వచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు. వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“పెడన దాటాక పాలాయన బండి మీద వచ్చి కర్రల్లోకి దూరాడమ్మా. భుజం విరిగింది. జానెడు ఇటైతే మెడే.”

“అయ్యో భగవంతుడా!”

“ఇన్నాళ్లూ వెనక ఆ లైట్లు చూసి అందరూ తప్పుకునేవాళ్లమ్మా.”

ప్రసన్నలక్ష్మి ఫోను పట్టుకుని స్టాండుకి పరుగెత్తింది.

బసవపున్నయ్యే సాంబశివరావు నంబరు వెతికి ఇచ్చాడు. “రమ్మను చెల్లెమ్మా. మొదటి సీరియల్ ఆయనదే. లారీ కాదని ఎవడన్నా అంటే నేను చూసుకుంటా.”

రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

“అన్నయ్యగారూ, కళ్యాణ్ వాళ్లమ్మనండీ. తప్పయిపోయింది. వచ్చేయండి.”

“అవనిగడ్డ దగ్గరున్నానమ్మా. ముందు గడ్డి ట్రాక్టరు వాళ్లు టీకి ఆగారు. వాళ్లు కదిల్తే నేనూ కదలాలి.”

“వాళ్లు మీకేమవుతారండీ?”

“ఎవరో తెలీదమ్మా.”

“మేమూ ఏమీ కాముగా. అన్నేసి మాటలు పడి మావాడి వెనక ఎందుకొచ్చారు?”



ఫోను కట్టయిందేమోనని చూసుకుంది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. అవతల ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు. ట్రాక్టరు స్టార్టయింది.

అప్పుడు పలికాడు సాంబశివరావు.

“నాకు పది చక్రాల లారీ ఉండేదమ్మా. ఒకరోజు ఇట్టాగే మంచులో, సరుగుడు కర్రల లోడుతో, చివర ఎర్రగుడ్డ ఒక్కటే కట్టి రోడ్డు పక్కన ఆపుకున్నాను. నేను మర్చిపోయిన క్యారేజీ ఇద్దామని మా అబ్బాయి బైకేసుకుని నా వెనకే వచ్చాడు.”