దారి అడిగింది

నాపరాతి గనుల నడుమ కొత్తగా కట్టిన స్టేషన్లో ధనుంజయ ఒక్కడే సిగ్నల్ కంప్యూటర్‌ను పరీక్షిస్తున్నాడు. పక్క స్టేషన్ కంప్యూటర్ దారి అడగాలి, ఇక్కడ ఒప్పుకోవాలి. అప్పుడు మాత్రమే రైలు వస్తుంది. ఈ నియమం ఎన్నటికీ తప్పదని లెక్కకట్టి నిరూపించింది అతనే.

తెరమీద పసుపు దీపం వెలిగింది. పక్క స్టేషన్ అడుగుతోంది.

కడపలో నిద్రపోతున్న పై ఇంజనీరు నాగసుబ్బయ్యకు ఫోన్ చేశాడు.

"అన్నా, అవతల కంప్యూటర్ పెట్టినారా?"

"యాడ పెట్టేదప్పా? ఆ పక్క పట్టాలే ఏయల్యా. పెట్టె ఆఫీసులోనే ఉండాది."

ఫోన్ పెట్టేశాక గదిలో చప్పుడే లేదు. దీపం మాత్రం ఓపిగ్గా ఆరుతూ వెలుగుతోంది. తను ఒప్పుకోకపోతే ఏదీ రావడానికి వీల్లేదు. లేచి వెళ్లిపోవచ్చు.

కానీ ఇన్ని రాత్రుల్లో తనను పలకరించింది అదొక్కటే.

"రాప్పా," అంటూ ఒప్పుకునే మీట నొక్కాడు.