ఆదివారం బండి

ప్లాట్‌ఫారం మీద ఆ పెద్దాయన టికెట్లు పంచుతూ దొరికిపోయాడు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు వెనక నుంచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంతకి అమ్ముతున్నారు?"

"అమ్మడం లేదు బాబూ. ఊరికే ఇస్తున్నాను. కావాలంటే కౌంటర్లో అడగండి."

అడిగాడు. నిజమే. ప్రతి ఆదివారం పన్నెండు టికెట్లు ఆయనే కొంటాడట.

ఆఫీసరు వచ్చిన పని ఒక్కటే. ఆవిరి ఇంజనుతో కొండ దాకా వెళ్లొచ్చే ఈ విహార రైలు గిట్టుబాటవుతుందో లేదో తేల్చి రిపోర్టు రాయాలి. నాలుగు ఆదివారాలు గడువు. రైల్వే వాళ్ల విశ్రాంతి గదిలో బస. భార్య పోయాక అతనికి ఏ ఊరైనా ఒకటే, ఏ మంచమైనా ఒకటే.

బండి కదిలింది. పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

విహారానికి వచ్చినవాళ్లు కిటికీల దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు. ఉచిత టికెట్ల వాళ్లు మాత్రం మూటలు ఒళ్లో పెట్టుకుని ఒక మూల ఒదిగి కూర్చున్నారు.

"వీళ్లు విహారానికి వచ్చినట్టు లేరే?"

"కాదు బాబూ. మూడో స్టేషన్లో దిగిపోతారు. ఆ ఊరికి రోడ్డు లేదు. వారానికి ఈ ఒక్క బండే. ఈ టికెట్ ధర వాళ్లకి అందదు."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? మీ చుట్టాలా?"

"కాదు."

మూడో స్టేషన్ వచ్చింది. ఒక ముసలమ్మ మెల్లగా దిగింది. కింద ఎదురుచూస్తున్న మరో ముసలమ్మ ఆమె మొహాన్ని రెండు చేతులతో తడిమి చూసుకుంది.

"అక్కచెల్లెళ్లు," అన్నాడు పెద్దాయన. "చెల్లెలికి చూపు లేదు. రండి, ఒకసారి దిగి మాట్లాడదాం. పది నిమిషాలు ఆగుతుంది."

"నేను డ్యూటీలో ఉన్నాను. ఇవన్నీ లెక్కలోకి రావు."

"రావు. నాకూ తెలుసు."

"రైల్వే లెక్కల గురించి మీకేం తెలుసండీ?"

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

తర్వాతి ఆదివారాలు కూడా ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. ఒకసారి "భోంచేశారా?" అని అడిగాడు. ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో ఆఫీసరుకి గుర్తు రాలేదు. అయినా తలాడించి, కాగితాల్లోకి దిగిపోయాడు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. పన్నెండు టికెట్లు ఒక మనిషి సరదా కొద్దీ కొంటున్నవి, అవి తీసేస్తే బండి నష్టంలో నడుస్తున్నట్టే.

బండి ఆపేశారు.

బండి నడిచిన ఆఖరి ఆదివారం పెద్దాయన అతని దగ్గరికి వచ్చాడు.

"మీ తప్పేం లేదు బాబూ. లెక్క సరిగ్గానే రాశారు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆఫీసరుని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మూడు నెలలకి, ఆగిపోయిన ఆ రైలు పెట్టెలు అప్పగించే పని మీద అతను మళ్లీ ఆ స్టేషన్‌కి వచ్చాడు. పని అయ్యాక కూడా కాసేపు ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాడు. చివరికి స్టేషన్ మాస్టర్ని అడిగాడు.

"పెద్దాయన రావడం లేదా?"

"పోయారు సార్. నెల దాటింది. బండి లేకపోయినా ప్రతి ఆదివారం వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవారు."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఒక్కరే సార్. పెన్షన్లో సగం పైన టికెట్లకే పోసేవారు."

"పెన్షనా? ఏం ఉద్యోగం చేశారు?"

స్టేషన్ మాస్టరు ఖాళీ పట్టాల వైపు చూశాడు.

"మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు సార్. ముప్పై ఏళ్ల కింద ఈ లైన్లో రోజూ పాసింజరు బండి తిరిగేది, అది గిట్టుబాటు కాదని రిపోర్టు రాసి ఆపించిన ఆఫీసరు ఆయనే."