ముట్టుకోని నాయనమ్మ

విశాఖ హార్బరులో విహారనౌక ఒక్కసారిగా ఒరిగింది. పుట్టింటి నుంచి నేరుగా రైలుకొచ్చి అత్తగారిని కలిసిన నాగజ్యోతి, చంటిదాన్ని ఆవిడకి అందించబోయింది.

"పట్టుకోండి, పడిపోతాం."

గురవమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "నా వల్ల కాదు. కూర్చో."

నాగజ్యోతి బల్లమీద కూలబడింది. "రైల్లోనూ ముట్టుకోలేదు. ఆడపిల్ల పుట్టిందనేగా మీ ఏడుపు?"

"నోరు తగ్గించు. రైలెక్కేదాకా కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తానే ఉన్నా. ఎంత తోమినా చేతుల మంట పోలా. పసిదాని కళ్లకి తగిలితే?"

"ఆ ముక్క ముందే చెబితే ఏం పోయింది?"

"అడిగితే నీ నోరు పడిపోయేదా?"

నాగజ్యోతి పిల్ల తువ్వాలు తీసి అత్తగారి చేతులకి చుట్టింది. చంటిదాన్ని వాటిమీద పెట్టింది.

"తల జాగర్త," అంది విసురుగానే.

"ముగ్గుర్ని పెంచాన్లే," అంది గురవమ్మ, పిల్ల మొహం మీంచి చూపు తిప్పకుండా.