మొగిలి కనుమలో నిమ్మకాయ

"ఆ నిమ్మకాయలు ఇట్ల తే!"

పాత డ్రైవరు కుప్పుస్వామి అరుపుకు మునిరత్నమ్మ చెయ్యి లారీ చక్రం దగ్గరే ఆగిపోయింది. మొగుడు దొరస్వామి మొదటిసారి లారీ తోలబోతున్నాడని ఆమె రెండు నిమ్మకాయలకు కుంకుమబొట్లు పెట్టుకుని చిత్తూరు బెల్లం మండీ దాకా నడిచి వచ్చింది. ముందు చక్రాల కింద చెరొకటి పెడితే, బండి వాటిని తొక్కుకుంటూ కదలడం ఆనవాయితీ.

"పెట్టనీ అన్నా, మంచి శకునం," అన్నాడు దొరస్వామి.

"శకునాలు డ్రైవర్లకురా. నువ్వు జట్కావోడివి. గుర్రానికి గడ్డేసే మొగానికి నిమ్మకాయొకటా?"

కుప్పుస్వామి రెండు కాయలూ లాక్కుని చొక్కా జేబులో వేసుకుని, లారీ ఎక్కి కూర్చున్నాడు. దొరస్వామికి ఒళ్ళు మండింది. అయినా మింగుకున్నాడు.

మింగుకోక ఏం చేస్తాడు? టౌను బస్సులు వచ్చాక జట్కా ఎక్కే మనిషే కరువయ్యాడు. బండినీ గుర్రాన్నీ అమ్మేసి, తిరుపతిలో లారీ నేర్చుకుని, ముప్పై రెండేళ్ళ వయసులో లైసెన్సు తెచ్చుకున్నాడు. లారీ సొంతదారు సావుకారు ఒకటే మాట చెప్పాడు: "బెంగళూరికి ఒక ట్రిప్పు తోలు. కుప్పుస్వామి సరే అంటే ఉద్యోగం. కాదంటే లేదు."

ఆ సీటు మీద కుప్పుస్వామి అల్లుడు వెంకటరమణ కన్ను పడిందని మండీలో అందరికీ తెలుసు. కంచే చేను మేసే వ్యవహారం. ఇవాళ గానీ కాదనిపించుకుంటే దొరస్వామికి తిరిగి తోలుకోవడానికి జట్కా కూడా లేదు.

ఊరు దాటీ దాటగానే తిట్లు మొదలయ్యాయి.

"క్లచ్చి మీద కాలు తియ్! అదేమన్నా మీ అత్తగారింట్లో పీటా?"

"తీసినానన్నా."

"గేరు మార్చేటప్పుడు ఆ మూలుగు ఇనపడలా? యాడ నేర్చినావురా తోలేది?"

బంగారుపాళ్యం దాటేసరికి దొరస్వామి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"పలమనేర్లో మా అల్లుడు గుడ్డలసంచితో కాసుకోని ఉంటాడు. వాడు ఎక్కతాడు, నువ్వు దిగతావు. చిత్తూరికి బస్సులు బాగానే ఉండాయిలే," అన్నాడు కుప్పుస్వామి.

దొరస్వామి పళ్ళు బిగించి మొగిలి కనుమ ఎక్కించసాగాడు. సగం ఎక్కాక రోడ్డు మీద పెద్ద బండరాయి కనిపించింది. ఎవరో ఇంజను చల్లార్చుకోవడానికి ఆగి, బండి జారకుండా చక్రానికి అడ్డం పెట్టి, అలాగే వదిలేసి పోయారు. దొరస్వామి లారీ నిలిపి, హ్యాండుబ్రేకు లాగి, కిందికి దూకాడు. రాయిని రెండు చేతులా దొర్లించి రోడ్డు పక్కకు తోసి వచ్చాడు.

కుప్పుస్వామి భగ్గుమన్నాడు. "ఎక్కుడులో ఎవుడు నిలపమన్నాడ్రా? పక్కకు తిప్పుకోని పోయుంటే నీ సొమ్మేం పోతాది?"

"నేను తిప్పుకుంటానన్నా. ఎనకొచ్చేటోడు సూసుకోవద్దా? మా నాయన గుర్రం ఇట్టాంటి రాయి తగిలే కాలిరిగి సచ్చింది."

"మళ్ళీ గుర్రమే!"

కుప్పుస్వామి ఆ రాయి వంక కాసేపు చూసి, కిటికీలోంచి తుపుక్కున ఉమ్మాడు. జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి కిందికి దిగాడు.

"నిలిపినావు గదా, ఇప్పుడు బండి ఎత్తు సూస్తాం. దీన్ని ఎనక చక్రానికి ఆనించి పెడతా ఉండా. బండి బెత్తెడు ఎనక్కి జారినా చితికిపోతాది. చితికిందా, ఈడనే దిగి పో. ఇట్లనే నలుగుర్ని ఇంటికి పంపినా."

లారీ నిండా బెల్లం. ముక్కు మీద నిలబడినట్టున్న ఎక్కుడు. దొరస్వామి ఏడుకొండలవాడికి దండం పెట్టుకుని హ్యాండుబ్రేకు వదిలాడు. ఇంజను గర్జించింది. లారీ ఒక్కసారి వణికి, ముందుకు కదిలింది. వెనక్కి జారిందో లేదో అతనికే అంతుపట్టలేదు.

చదునుగా ఉన్న మలుపులో ఆపి అద్దంలోకి చూశాడు. కుప్పుస్వామి రోడ్డు మీద వంగి వెతుకుతున్నాడు. తర్వాత నింపాదిగా నడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

కుప్పుస్వామి పిడికిలి విప్పాడు. నిమ్మకాయ గుండ్రంగా ఉంది. కుంకుమ కూడా చెదరలేదు.

"బతికిపోయినావు పో," అన్నాడు వేపాకు నమిలిన మొహంతో.

పొద్దుటి నుంచి పడ్డ మాటలన్నీ దొరస్వామికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నిమ్మకాయ అందుకుని దేవుడి పటం ముందు పెడుతూ అననే అన్నాడు: "మనుసులకుండాది గానీ, నిమ్మకాయకు పచ్చపాతం లేదు గదన్నా. ఉండేది ఉన్నట్టు చెప్పింది."

"నోరు మూసుకోని తోలు!"

పలమనేరు హోటలు ముందు వెంకటరమణ గుడ్డలసంచి భుజాన వేసుకుని పరుగున వచ్చాడు.

"ఇంటికి పో అల్లుడా. సీటు లేదు," అన్నాడు కుప్పుస్వామి.

"ఏం మామా, ఈ పొద్దు ఖాయమంటివే!"

"కాయ చితకలా. నన్నేం చెయ్యమంటావు?"

"అయితే ఆ మాట నీ కూతురికి నువ్వే చెప్పుకో. నేను చెప్పను," అని వెంకటరమణ సంచి ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. కుప్పుస్వామి తల వంచుకుని బీడీ వెలిగించాడు. ముసలాడి తిక్క కుదిరిందని దొరస్వామికి లోపల చంకలు గుద్దుకోవాలనిపించింది.

"ఏం ఇకిలిస్తా ఉండావు? పొయ్యి టైర్లు తట్టి చూడు!"

దొరస్వామి ఈల వేసుకుంటూ ఇనపకడ్డీ అందుకున్నాడు. ముందు టైర్లు రెండూ తట్టి చూశాడు. గాలి గట్టిగానే ఉంది. వెనక్కి వెళ్ళి వంగాడు.

జంట టైర్ల సందులో, కుంకుమబొట్టుతో సహా, ఇంకో నిమ్మకాయ చితికి ఉంది.