ఫోన్ ఎత్తని ఏజెంటు

ఇళ్లమ్మే ఏజెంటు పెక్ హూన్ ఆ పొద్దున కూడా ఫోన్ ఎత్తలేదు.

కౌలాలంపూర్‌లో ఉన్న బెంగ్ లోక్‌కి ఒళ్లు మండిపోయింది. అమ్మ పోయాక పెనాంగ్‌లో తాళం పడిన ఇంటిని అమ్మిపెట్టమని ఆ అమ్మాయికి అప్పజెప్పాడు. పొద్దున ఎప్పుడు చేసినా ఇదే వరస.

మధ్యాహ్నం ఆమే చేసింది.

"పొద్దున మీ ఇంట్లోనే ఉన్నానంకుల్. ఇక్కడ ఒకటి మిగిలిపోయింది. ఫోన్లో చెప్పేది కాదు, మీరొకసారి రావాలి."

"ఏ విరిగిన కుర్చీ కోసమో ఇంత దూరం రావాలా? పారెయ్!"

"పారేసేది కాదంకుల్. అది ఉండగా కొనేవాళ్లని లోపలికెలా తెస్తాను?"

"ఇల్లు అమ్మమంటే కబుర్లు అమ్ముతున్నావు. తాళాలు పక్కింట్లో ఇచ్చెయ్. మళ్లీ నాకు ఫోన్ చెయ్యకు."

ఆమె నంబరు బ్లాక్ చేసేశాడు.

కొత్త ఏజెంటు జేసన్ మెసేజ్ పెడితే చాలు, రెప్పవేసే లోపు "ఓకే బాస్" అనేవాడు.

"ఏజెంటంటే వీడూ!" అని బెంగ్ లోక్ భార్య దగ్గర మురిసిపోయాడు. నెల తిరక్కుండా ఇల్లు అమ్ముడుపోయింది.

పెద్దల్ని తలుచుకునే చెంగ్ బెంగ్ పండగ వచ్చింది. ముందురోజు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, అమ్మ పేరు చెక్కిన పలక తుడిచి ఉంచు. రేపు పిల్లలతో వస్తున్నా."

"పలక నా దగ్గరేముంది? చివర తాళం వేసింది నువ్వేగా!"

"పెద్దకొడుకువి నువ్వుండగా నేనెలా తీసుకెళ్తాను?"

పలక సంగతి అడిగితే పూజ భారం ఎక్కడ తన నెత్తిన పడుతుందోనని ఇన్నాళ్లూ ఇద్దరూ అడగలేదు. అగరొత్తి వెలిగించే దిక్కులేని పెద్దలు ఆకలితో తిరుగుతారని చిన్నప్పుడు అమ్మే చెప్పేది.

ఇంట్లో పూజ బల్ల మీది పలక ఏమైందని బెంగ్ లోక్ జేసన్‌కి మెసేజ్ పెట్టాడు. జవాబు ఎప్పట్లాగే తక్షణం వచ్చింది.

"పూజ బల్లా? మొదటిరోజే చెత్తబండి ఎక్కించేశా బాస్!"

'పారేసేది కాదంకుల్' అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ అమ్మాయిని పిలవాలంటే ముందు తాను వేసిన బ్లాక్ తానే తియ్యాలి. తల కొట్టేసినట్టయింది.

ఒక్క రింగుకే ఎత్తింది.

"పలక భద్రంగా ఉందంకుల్. తాళాలిచ్చే ముందే కొండకింది గుడిలో పెట్టాను. చెబుదామని చాలాసార్లు చేశాను, మీకు కలవలేదు."

"మరి అప్పుడు పొద్దుటిపూట..."

"మీ ఇంట్లో అమ్మగారి పలక ముందు అగరొత్తులు వెలిగించేదాన్ని. పూజలో ఉంటే ఫోన్ ముట్టనంకుల్."

క్షమించమని అడగబోయి, బెంగ్ లోక్ గుడికి దారి అడిగాడు.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ గుడికి వెళ్లారు. వరసగా నిలబెట్టిన పలకల్లో అమ్మ పేరు కనిపించింది. చెయ్యి చాచబోతే గుడి పెద్దాయన అడ్డొచ్చాడు.

"ఎవరు బాబూ మీరు?"

"ఈవిడ కొడుకులం."

ఆయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"కొడుకులా? ఈవిడకి ఒక్కతే కూతురు కదయ్యా, ఇందాకే అమ్మకి అన్నం పెట్టి వెళ్లింది."