కౌజు నేర్చిన కూత

వానలు మొహం చాటేసిన ఏడు, అడవిలో గింజ దొరక్క ఒక కౌజు పిట్ట తనంతట తానే వేటగాడి పంజరంలోకి నడిచింది. "నీ పని కూయడమే. రోజూ గుప్పెడు కొర్రలు పోస్తా," అన్నాడు వేటగాడు. కూస్తే పోయేదేముందిలే అనుకుంది పిట్ట.

తెల్లారగానే అతను పంజరాన్ని జొన్నచేలో పెట్టి, చుట్టూ వల పరిచి, పొద చాటున కూర్చునేవాడు. పిట్ట "రా, రా" అని కూసేది. తోటి కౌజులు నమ్మి వచ్చి వలలో పడేవి. మొదట్లో అది కళ్లు మూసుకునేది. పోనుపోను అదీ మానేసింది. వానలు పడ్డాక తనను వదిలేయమని అడుగుదామనుకుంది. వానలు పడ్డాయి. ఏ మొహం పెట్టుకుని అడవికి వెళ్లాలో తెలియక ఊరుకుంది.

ఒకరోజు దాని కూతకి దూరం నుంచి బదులొచ్చింది. "అన్నా, నువ్వేనా? బతికే ఉన్నావా?"

తమ్ముడి గొంతు! పిట్ట ఠక్కున నోరు మూసుకుంది. వేటగాడు పుల్లతో పొడిచినా పలకలేదు.

"ఏంటన్నా, ఆగిపోయావు? ఒంట్లో బాగోలేదా?" అంటూ తమ్ముడు జొన్నల మధ్య నుంచి వచ్చేస్తున్నాడు.

ఇక ఊరుకుంటే లాభం లేదు. "రావద్దు, పారిపో" అని అరవబోయింది పిట్ట. కానీ ఇన్నాళ్లూ ఒక్క కూతే కూసిన గొంతు అది. ఎంత చించుకున్నా అందులోంచి "రా, రా" అనే వచ్చింది.

కాళ్లకు వల చుట్టుకున్నా తమ్ముడి మొహంలో సంబరం తగ్గలేదు.

"పిలిచావుగా అన్నా, అందుకే పరిగెత్తుకొచ్చా," అన్నాడు.