ఇరవైమూడు దగ్గర గీత

“ఇవాళ ఆ సోడియం సంగతి తేల్చేద్దాం మేడమ్,” అన్నాడు డైరెక్టర్, కుర్చీ లాక్కుంటూ.

సూర్యుడి నుంచి వీచే గాలిలో ఏమేం కణాలున్నాయో లెక్కపెట్టే పరికరానికి ఈ మేడమే పెద్దదిక్కు. అంతరిక్ష నౌకలో అది ఎగిరి తొమ్మిదేళ్లయింది. కణాల బరువును బట్టి కంప్యూటర్ తెర మీద గీతలు లేస్తాయి. హీలియానిది నాలుగు దగ్గర, ఆక్సిజన్‌ది పదహారు దగ్గర. ఆవిడ మాత్రం పొద్దున్నే రాగానే, భుజాన బ్యాగ్ కూడా దించకుండా, ఇరవైమూడు దగ్గరున్న సోడియం గీతనే చూసేది. దాని మీద బొటనవేలు ఆనించి ఒక్క క్షణం ఆగేది. ఆఫీసులో కుర్రకారు ఆవిడకి ‘ఉప్పు మేడమ్’ అని పేరు పెట్టారు.

“ఇంకే నౌకకీ ఇంత సోడియం కనపడలేదు. మనకొక్కళ్లకే సూర్యుడు ఉప్పు చల్లుతున్నాడా?”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“పైగా ఏటేటా తగ్గిపోతోంది. మొదట్లో రోజుకి నాలుగు వందల కణాలు. నిన్న మూడే మూడు! సూర్యుడిదైతే ఇలా తగ్గుతుందా? పరికరం బిగించేటప్పుడు ఎవడో ఒట్టి చేత్తో ముట్టుకున్నాడు. చెమట మరక అది.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోలేదు. నేను పక్కనే ఉన్నాను.”

“మరి ఏంటంటారు?”

“ఇంకొక్క నెల చూద్దాం.”

“తొమ్మిదేళ్లుగా ఇదే మాట! నాకు పని నేర్పినవారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మీ పంతానికి అందరి లెక్కలూ తప్పుల తడకవుతున్నాయి.”

అంత చదువుకున్న మనిషికి ఇంత మొండితనం ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు.

మధ్యాహ్నం, సోడియం తీసేయడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది. మీట కూడా తనే నొక్కింది. తొమ్మిదేళ్ల లెక్కల్లోంచి ఆ గీత మాయమైంది. ఖాళీ అయిన చోట బొటనవేలు పెట్టి చూసుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి, నవ్వినవాళ్లకే జాలేసింది.

“పోన్లెండి మేడమ్, మరకే కదా,” అన్నాడు డైరెక్టర్ మెత్తగా.

“అవును, మరకే,” అంది.

ఇంటికెళ్లి, బ్యాగ్ దించి, నౌక ఎగరడానికి నెల ముందే పోయిన టెక్నీషియన్ భర్త ఫొటో ముందు కూలబడి, “ఆ చిన్న స్క్రూ వేలికి అందట్లేదని మీరు గ్లవ్ తీశారని ఇవాళ్టికీ ఎవరికీ చెప్పలేదండీ,” అంది.